గోడకు అటూ ఇటూ అవకాడో

మా ఆయనకు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని అందరికంటే ముందు తెలిసింది నాకే. సీతమ్మధారలో ఒక క్లినిక్ కింద ఉన్న ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం నాది. ఊళ్ళో వాళ్ళందరికీ సూది గుచ్చి ఇంట్లో మనిషిని వదిలేశానని మా వదిన దెప్పింది. ఒకరోజు పొద్దున్నే కాఫీ కూడా ఇవ్వకుండా ఆయన్ని ల్యాబుకు లాక్కెళ్ళి రక్తం తీశాను. రిపోర్టు రాగానే పైఅంతస్తులో డాక్టరు గారి ముందు కూర్చోబెట్టాను. ఆ డాక్టరు గారు చాలా ఓపికగా చెప్పారు. రోజూ నడవాలి, రాత్రిపూట అన్నం తగ్గించాలి, వేపుళ్ళు మానాలి, టీవీ ముందు మిక్చరు పొట్లం విప్పకూడదు. అన్నీ అయ్యాక, కుర్చీలోంచి లేస్తున్న మనిషితో, ఒంటికి మంచి కొవ్వు కూడా కావాలి కాబట్టి గుప్పెడు పల్లీలు, బాదంపప్పులు, దొరికితే అవకాడో లాంటివి తినొచ్చన్నారు.

మా ఆయన స్టీలు ప్లాంటు మనిషి. ఏళ్ళ తరబడి మిల్లు చప్పుడు విని ఆయనకు ఒక చెవి కాస్త మందగించింది. మందగించినా తెలివిగల చెవి అది. డాక్టరు గారి మాటలన్నిటినీ గుమ్మం బయటే నిలబెట్టి, చిట్టచివరి పదాన్ని ఒక్కదాన్నే లోపలికి రానిచ్చింది.

దారిలో సూపర్‌మార్కెట్ దగ్గర బండి ఆపించి ఒక అవకాడో కొన్నారు. ఇంటికి రాగానే కత్తిపీట ముందేసుకుని కోశారు. అది పచ్చి బొప్పాయికన్నా గట్టిగా ఉంది. మామిడికాయ ముక్కలా ఉప్పూ కారం అద్దుకుని ఒక ముక్క నమిలారు. మొహంలో ఏ మార్పూ కనిపించకూడదని ఆయన పడుతున్న అవస్థ చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను. చివరికి, ఇది ఏసీలో పెట్టిన సరుకు కాబట్టి ఇలా ఉందనీ, ఇంట్లో పండించుకుంటే వేరేలా ఉంటుందనీ తీర్పు చెప్పారు. నచ్చని పండును కొనడం మానేసేవాళ్ళను చూశాను. నచ్చని పండు కోసం చెట్టు పెట్టిన మనిషిని మాత్రం ఆయన్నే చూశాను.

ఇక్కడ మా అన్నయ్య గురించి చెప్పాలి. పెందుర్తిలో మా ఇల్లూ అన్నయ్య ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో నడుమెత్తు గోడ. ఉక్కునగరం క్వార్టరు వదిలి సొంత ఇల్లు కట్టుకుందామనుకున్నప్పుడు, తోడుగా ఉంటుందని రెండు స్థలాలూ ఒకేసారి తీసుకున్నాం. అన్నయ్యది పోర్టులో క్రేన్ల దగ్గర ఉద్యోగం. అతనూ మా ఆయనా ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారు. ఆ పిలుపులో ప్రేమ ఎంతో వెటకారం ఎంతో, ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళు బతికిన నాకే అంతుపట్టలేదు. పోర్టు లేకపోతే మీ ప్లాంటుకు బొగ్గెలా వస్తుందని అన్నయ్య అంటే, ప్లాంటు లేకపోతే మీ క్రేన్లకు పనేముందని మా ఆయన. మేం గేటు పెట్టిస్తే వాళ్ళు ఇంకాస్త ఎత్తు గేటు పెట్టించారు. వాళ్ళు మేడ మీద నీళ్ళ ట్యాంకు పెడితే, మేం దానికన్నా పెద్దది పెట్టి, దాన్ని నింపలేక మోటారు కాల్చుకున్నాం.

అలాంటి ఇంటి ముందు ఒక ఆదివారం మా ఆయన ఆటోలోంచి అవకాడో అంటు మొక్కను దించారు. పసిబిడ్డను దించినట్టు రెండు చేతులతో దించారు. అన్నయ్య గోడ మీద మోచేతులు ఆనించి, అదేమిటని అడిగాడు. మా ఆయన తాపీగా పేరు చెప్పి, గింజ మొక్క కాదనీ, అంటు కట్టినదనీ, గింజ మొక్కైతే కాయడానికి సగం జీవితం పడుతుందనీ వివరించారు. అన్నయ్య అంతా విని సరేనని లోపలికి వెళ్ళాడు. ఆ సరేకు అర్థమేమిటో నాకు తెలుసు.

తరువాతి ఆదివారం వాళ్ళ ఇంటి ముందు ఆటో ఆగింది. అదే నర్సరీ, అదే అవకాడో, మా మొక్కకన్నా జానెడు ఎత్తు. ఒక్కటే తేడా. నర్సరీ వాడు మా ఆయనకు ఇచ్చిన రకమే అన్నయ్యకూ ఇవ్వబోతే, బావ కొన్నది నాకొద్దు, ఇంకో రకం ఉంటే ఇమ్మని పట్టుబట్టి వేరే రకం తెచ్చుకున్నాడు. రెండు మొక్కలూ గోడకు చెరోపక్క, ఎదురెదురుగా పాతారు. పాతుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి గొయ్యి ఒకరు చూసుకుంటూనే ఉన్నారు.

అంటు కట్టిన చోట మొక్కకు ప్లాస్టిక్ చుట్టు ఉంటుంది. మా ఆయనకు అది దెబ్బకు కట్టిన కట్టులా కనిపించి, చూసినవాళ్ళు రోగిష్టి మొక్క అనుకుంటారని దాని పైదాకా మట్టి కప్పేశారు. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న మా వదిన, అంటే అన్నయ్య భార్య, అది చూసి ఊరుకోలేదు. మా ఆయన్ని ఆమె అన్నయ్యా అనే పిలుస్తుంది.

"అన్నయ్యా, ఆ అంటు మట్టిలో కప్పీకండి, కుల్లిపోద్ది. పైకి కనపడాల అది."

తను చూసిన వీడియోలో అలాగే చేశారని మా ఆయన అన్నారు. వదిన ఆయన మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళగానే మా పెరట్లోకి వచ్చి, మొక్కను మట్టిగడ్డతో సహా పైకెత్తి, నీళ్ళు నిలవకుండా చిన్న దిబ్బ చేసి, అంటు బయటికి కనిపించేలా మళ్ళీ పాతి వెళ్ళిపోయింది. ఆయన రెండు రోజుల దాకా గమనించలేదు. గమనించాక, అంటును మట్టిలో పూడ్చకూడదని గోడ మీదుగా అన్నయ్యకు ఒక ఉపన్యాసం ఇచ్చారు. వదిన మేడ మీద నుంచి వింటూ బట్టలు దులుపుకుంది.

వదినది జీడిమామిడి తోటల వైపు పుట్టిల్లు. ఆ గర్వం ఆమెకు బాగానే ఉంది. అయితే ఆమె చెప్పినవన్నీ వేదవాక్కులేం కావు. వంజరం చేప కడిగిన నీళ్ళు పోస్తే మొక్కకు బలమని రెండు మొక్కలకూ పోసింది. వారం రోజులు కాలనీ పిల్లులన్నీ మా పెరట్లోనే కాపురం పెట్టాయి. మొక్క మొదలంతా గోకి పెట్టాయి. అంటు కింద నాటు చిగురు వస్తే తుంచెయ్యాలన్న మాట మాత్రం నిజమే చెప్పింది. అన్నయ్య మొక్కకు అలాంటి చిగురొకటి వచ్చి, అసలు కొమ్మను మించి పెరగసాగింది. ఇదే నా మొక్క సత్తా అని అన్నయ్య దాన్ని ఫోటోలు తీసి పోర్టు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అతను డ్యూటీలో ఉండగా వదిన ఆ చిగురును కూరగాయల కత్తితో కోసి పారేసింది. అన్నయ్య రెండు పూటలు అన్నం మానేశాడు. మూడో పూట చేపల పులుసు వాసనకు కోపం తీరింది.

మొదటి వేసవిలో మొక్కకు నీడ కావాలన్నారు. మా ఆయన నాలుగు కర్రలు పాతి, చుట్టూ నా పాత పసుపు చీర కట్టారు. వీధిలో వెళ్ళే ఒకావిడ దాన్ని చూసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, ఇక్కడ ఏ అమ్మవారు వెలిసిందని నన్ను అడిగింది. అవకాడో అమ్మవారని చెబుదామనుకుని మానుకున్నాను. మర్నాటికి అన్నయ్య మొక్కకు ఎర్ర చీర వెలిసింది.

ఎండాకాలంలో రోజూ గొట్టంతో నీళ్ళు పెట్టడం మా ఆయనకు షిఫ్టు లాగే అలవాటైపోయింది. ఆకులు పసుపుబారాయి. నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుందని వదిన గొట్టం చుట్టి దాచేసింది. ఆ రోజు నుంచి బకెట్టుతో మోసుకెళ్ళి, మట్టి పొడిబారితేనే పోయాలని కట్టడి చేసింది. ఆయన బకెట్లు మోశారు. ఎండుటాకులు ఏరితెచ్చి మొదట్లో పరిచారు. ఎండకు కాండం పగలకుండా సున్నం పూశారు. ఇక సాయంత్రాలు కాలనీ అంతా తిరిగి, మొక్క ఎన్ని ఆకులు వేసిందో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పి వచ్చేవారు.

ఏడాది తిరిగాక మళ్ళీ రక్తం తీస్తే, కొలెస్ట్రాల్ తగ్గింది. డాక్టరు గారు సంతోషించి, ఏం చేశారని అడిగారు. మా ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అవకాడో అండి, అన్నారు. అప్పటికి ఆ మొక్క నా నడుం దాకా కూడా రాలేదు. పువ్వంటే ఏమిటో దానికి తెలీదు. మొదటి రోజు ఉప్పూ కారం అద్దుకుని తిన్న ముక్క తప్ప ఆయన లోపలికి అవకాడో అన్నది పోయిందే లేదు. డాక్టరు గారు తల ఊపి, ఆ తరువాత వచ్చిన పేషెంటుకు ఆయన్ని చూపించి మరీ చెప్పారు. నేను పక్కన నిలబడి ట్యూబుల మీద పేర్లు రాసుకున్నాను. వైద్యశాస్త్రం ఇలా కూడా ముందుకు వెళుతుందని ఆ రోజు నేర్చుకున్నాను.

ఒక తుఫాను కూడా దాటాం. గాలి మొదలయ్యేసరికి ఇద్దరు బావలూ తలకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని పెరట్లోకి దిగారు. ఎవరి చెట్టును వాళ్ళు కర్రలకు కట్టి, అది చాలదన్నట్టు కాండం పట్టుకుని నిలబడ్డారు. వానలో ఒకరికొకరు ఎదురెదురుగా, గోడకు అటూ ఇటూ. ఎవరూ ముందుగా లోపలికి వెళ్ళరు, వెళితే ఓడినట్టు. చివరికి వదిన వచ్చి, చెట్లు నిలబడతాయి గాని మీరిద్దరూ పడిపోతారని ఇద్దర్నీ లోపలికి తోలింది. చెట్లు నిలబడ్డాయి. ఇద్దరికీ జ్వరం వచ్చింది.

మూడేళ్ళు దాటాక ఒక చలికాలంలో రెండు చెట్లూ పూశాయి. పసుపూ ఆకుపచ్చా కలిసిన చిన్న చిన్న పువ్వులు, గుత్తులు గుత్తులు. తేనెటీగలు పొద్దున్నుంచీ ఒకటే ముసురు. ఎండలు ముదిరేసరికి రెండిటికీ పిందెలు నిలిచాయి. మా చెట్టుకు కాస్త ఎక్కువ, అన్నయ్య చెట్టుకు కాస్త తక్కువ. ఆ కాస్తకే మా ఆయన నడక మారిపోయింది.

కాయలు ఎదిగాయి. వానలు మొదలైనా పండలేదు. మా ఆయన రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే వెళ్ళి ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూసేవారు. గోడవతల అన్నయ్యదీ అదే పని. నొక్కీ నొక్కీ కాయలకు మచ్చలు పడ్డాయి గాని ఒక్కటీ మెత్తబడలేదు. నర్సరీ వాడు మోసం చేశాడని ఇద్దరూ జీవితంలో మొదటిసారి ఒక మాట మీదకు వచ్చారు. ఈలోగా వదిన తన చెట్టుకు ఉన్న ఒక పెద్దకాయను కోసి బియ్యం డబ్బాలో వేసింది. కొన్నాళ్ళకు మమ్మల్ని పిలిచింది. కాయ మెత్తగా పండింది. అవకాడో చెట్టు మీద పండదు, కోసి ఇంట్లో పెడితేనే పండుతుంది. ఇన్నాళ్ళూ ఆ ఇద్దరూ నొక్కిన నొక్కులన్నీ వృథా.

నలుగురం కూర్చుని తిన్నాం. అన్నయ్య చెంచాడు నోట్లో పెట్టుకుని, పేరిన నెయ్యి తిన్నట్టుందన్నాడు. మా ఆయన కళ్ళు మూసుకుని, తీర్థం పుచ్చుకున్నట్టు తిన్నారు.

"దీనికి నాలికతోటి పని లేదు బావ. బుర్రుండాల," అన్నారు.

వదిన మిగతా పండును పచ్చిమిరపకాయ, ఉప్పు, నిమ్మరసం వేసి నలిపి చపాతీల్లోకి పెట్టింది. అప్పుడు మాత్రం నిజంగా బాగుంది. ఎవరూ ఒప్పుకోలేదు గాని గిన్నె ఖాళీ అయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అదే నెలలో మా వీధిలో ఒకరి గృహప్రవేశం. భోజనాల దగ్గర మా ఆయన చుట్టూ పదిమంది చేరారు. ఆయన చెట్టు గురించి, తన యాజమాన్యం గురించి చెబుతున్నారు. ఎవరో, మీ బావగారికీ ఒక చెట్టుంది కదా అన్నారు.

"ఉందండి. నీడకి పనికొత్తాది," అన్నారు మా ఆయన.

అందరూ నవ్వారు. వెనకాల ప్లేటు పట్టుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడని నేను చూసేసరికి ఆలస్యమైంది. అన్నయ్య ప్లేటు కింద పెట్టి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి గోడ మీద మోచేతులు ఆనలేదు.

అప్పటికే అన్నయ్య ఒక కారు కొన్నాడు. అది రోడ్డు మీద ఎండలో ఉంటోంది. దానికి షెడ్డు వెయ్యాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఇంటికి అటుపక్క ఖాళీ స్థలం ఉంది, అక్కడే అనుకున్నాడు కూడా. ఇప్పుడు హఠాత్తుగా అవకాడో ఉన్న చోటే కారుకు సరైన చోటని కనిపెట్టాడు. వదిన నన్ను పిలిపించింది. అన్నయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వదిన నిలబడే మాట్లాడింది.

"ఆ సెట్టు కొట్టీకు. కొట్టీసినావంటే ఆలది కూడా కాయదు. నాను రోజూ మేడ మీంచి సూత్తన్నాను కదా. ఆల సెట్టుకి పొద్దున్న ఆడపువ్వులు ఇచ్చుకుంతాయి, మన సెట్టుకి అప్పుడు పుప్పొడుంతాది. మద్దేనం తిరగబడతాది. ఈగలు పొద్దున్న ఇటు నుంచి అటెల్తాయి, మద్దేనం అటు నుంచి ఇటొత్తాయి. దీనికది కావాల, దానికిది కావాల."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను ఫోనులో వెతికాను. వదిన చెప్పింది అక్షరాలా నిజం. అవకాడోలో రెండు జాతులున్నాయి. ఒకదాని పువ్వు పొద్దున ఆడదిగా విచ్చుకుని ముడుచుకుని, మర్నాడు మధ్యాహ్నం మగదిగా విచ్చుకుంటుంది. రెండోదానిది తిరగబడిన లెక్క. రెండూ పక్కపక్కన ఉంటేనే కాపు బాగుంటుంది. బావ కొన్న రకం వద్దని అన్నయ్య పట్టుబట్టిన పట్టే మా రెండు ఇళ్ళకూ కాయలు తెచ్చింది. ఇదంతా నేను చదివి వినిపించాను. వింటే మనసు మారుతుందనుకున్నాం, నేనూ వదినా.

అన్నయ్య నెమ్మదిగా అడిగాడు. "అంటే, నా సెట్టు నేకపోతే బావ సెట్టు కాయదన్నమాట."

"అదే కదా సెప్తన్నాను," అంది వదిన, అర్థమైనందుకు సంతోషపడి.

"ఒక్క కాయా కాయదా?"

అప్పుడు అన్నయ్య మొహం చూశాను. ల్యాబులో ఇన్నేళ్ళుగా రకరకాల రిపోర్టులు అందుకున్న మొహాలు చూశాను గాని, అంత వెలుగు ఏ మొహంలోనూ చూడలేదు. ఎదుటివాడికి అపశకునం చెయ్యడానికి తన ముక్కు తను కోసుకున్నట్టని సామెత ఉంది. సామెతల్లో మనుషులు నిజంగా ఉంటారని నేను అనుకోలేదు.

చెట్టు కొట్టడానికి ఆదివారం మనిషి వచ్చాడు. మా ఆయనకు నేను సంగతంతా చెప్పాను. వెళ్ళి ఒక్క మాట అనండి, పొరపాటున అన్నాను బావా అనండి చాలు, మీ చెట్టు కోసమైనా అనండి అని బతిమాలాను. ఆయన బనీనుతో పెరట్లోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, గోడ దగ్గర నిలబడ్డారు.

"కొట్టీ బావ. నా సెట్టు ఎవల మీదా ఆదారపడీ రకం కాదు."

గొడ్డలి దెబ్బలు వింటూ నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఏడుపుకు సాకు వెతుక్కోవలసిన పని లేకపోయింది. తుఫానుకు పడని చెట్టు కాఫీలు తాగేలోపు పడిపోయింది. మొదలు కూడా తవ్వి తీసేశారు.

షెడ్డు వెలిసింది. వదిన ఆ షెడ్డు కింది కారు ఎక్కనంది. అన్నయ్య తలుపు తీసి పట్టుకున్నా ఎక్కలేదు. సీతమ్మధారలో కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాల్సి వస్తే నాతోపాటు సిటీ బస్సెక్కింది. అన్నయ్య ఖాళీ కారుతో బస్సు వెనకే వచ్చాడు. ప్రతి స్టాపులోనూ ఆగాడు. మేం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం, చూడనట్టు కూర్చున్నాం.

మళ్ళీ చలికాలం వచ్చింది. మా చెట్టు కిందటేడుకన్నా విరగబూసింది. మా ఆయన గోడవతలికి వినిపించేలా పువ్వుల గురించి నాతో గట్టిగా మాట్లాడేవారు. తరువాత పువ్వులు రాలడం మొదలైంది. రోజూ ఊడ్చినకొద్దీ రాలాయి. పెరడంతా పసుపు తివాచీ పరిచినట్టు ఉండేది. పిందె అన్నది లేదు. దిష్టి అన్నారు, కొమ్మకు పాత చెప్పు కట్టారు. ఎరువు చాలలేదన్నారు. గాలిలో తేడా అన్నారు. వదిన చెప్పిన కారణం తప్ప మిగతావన్నీ అన్నారు.

ఒకరోజు నన్ను మూత ఉన్న ఖాళీ ట్యూబు ఒకటి తెచ్చిపెట్టమన్నారు. ఎందుకన్నా చెప్పలేదు. సెలవు రోజు మధ్యాహ్నం చూద్దును కదా, స్టూలెక్కి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి, పిల్లల రంగుల కుంచెతో ఒక్కో పువ్వునూ గీకి ఆ ట్యూబులో పుప్పొడి పోగుచేస్తున్నారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ స్టూలెక్కి, ఆడపువ్వులకు అద్దుతున్నారు. ఎవరి మీదా ఆధారపడని చెట్టుకు తేనెటీగ పని కూడా ఆయనే చేస్తున్నారు. కొలిమిలోంచి ఎర్రగా వచ్చే ఉక్కు కడ్డీలను లెక్కచేయని మనిషి, ఆవగింజంత పువ్వు ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నవ్వాను. నవ్వినా, ఆ రోజుల్లో ఆయనకు టీ స్టూలు దగ్గరికే తీసుకెళ్ళి ఇచ్చాను.

అంత శ్రమకూ నిలిచింది ఒకే ఒక్క కాయ. దానికి వల సంచి కట్టారు. డ్యూటీ నుంచి రాగానే ముందు దాని మొహమే చూసేవారు. ఒకనాటి పొద్దున్న ఇంట్లో షర్టు వేసుకుంటుంటే, గోడవతల నుంచి ఏడాది పైగా వినపడని గొంతు వినిపించింది.

"బావ! ఉడత!"

మా ఆయన ఒక చెయ్యి షర్టులో, ఒక చెయ్యి బయట, అలాగే పరుగెత్తారు. నేనూ వెళ్ళాను. ఉడత వల కొరికేసింది. కాయ సగం పోయింది. అన్నయ్య అప్పటికే గోడ దూకి మా పెరట్లోకి వచ్చి, చేతిలో చీపురుతో నిలబడి ఉన్నాడు. ఆ గోడ దూకే వయసు దాటిపోయిన సంగతి మోకాలు చెబుతోంది. ఇద్దరూ వంగి ఆ సగం కాయను చూశారు.

"పొద్దున్నుంచీ దాన్నే సూత్తన్నాను. కారు తుడిసీ గుడ్డ కోసం లోపలికెల్లినాను, అంతలో ఒచ్చీసింది," అన్నాడు అన్నయ్య.

అంటే మా కాయను అతనూ రోజూ చూస్తున్నాడన్నమాట. మా ఆయన షర్టు రెండో చెయ్యి తొడుక్కున్నారు. అన్నయ్య చీపురు గోడకు ఆనించి, నేల చూస్తూ అడిగాడు.

"ఆ రకం మొక్క ఆ నర్సరీలో ఇంకా ఉంతాదంతావా బావ?"

మా ఆయన కాసేపు ఆలోచించినట్టు నటించి, ఉంటే ఉండొచ్చన్నారు. క్షమాపణ అన్న పదం ఇద్దరి నోటా రాలేదు. ఇద్దరికీ ఆ పదం ఇంకా రాలేదు, వస్తుందని నేను ఎదురుచూడటం కూడా మానేశాను.

కారులోనే వెళ్ళారు. వదిన ఈసారి పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. అదే రకం అంటు మొక్కను వదినే ఏరింది. వచ్చేటప్పుడు అది నా ఒళ్ళో ఉంది.

ఎక్కడ పాతాలన్నది సమస్య. మా పెరడంతా సిమెంటు చేయించేశాం, చెట్టు చుట్టూ తప్ప. అన్నయ్య వైపు మట్టి ఉన్న చోటల్లా ఎండ తగలదు. పాత చోటే బాగుంటుందని వదిన అంది. అన్నయ్య నిచ్చెన వేసుకుని షెడ్డు ఎక్కి, సగం రేకులు విప్పి కిందికి అందించాడు. మా ఆయన అందుకున్నారు. ఇప్పుడు వాళ్ళ కారు ముందు సగం నీడలో, వెనక సగం ఎండలో ఉంటుంది. మొక్క మాత్రం హాయిగా ఉంది. నీళ్ళు పోసేది ఎక్కువగా మా ఆయనే. అన్నయ్య కుర్చీ వేసుకుని కూర్చుని, ఎన్ని చెంబులు పొయ్యాలో చెబుతుంటాడు. చెట్టు ఎవరిదన్న తగువు వారానికోసారి జరుగుతుంది. మొక్క నాదని ఒకరు, నీళ్ళు నావని ఒకరు. కాపుకు ఇంకా కొన్నేళ్ళు ఆగాలి. తగువుకు అంత తీరిక ఉంది.

మొన్న ఆదివారం మా వీధి చివరింటాయన అవకాడో వెయ్యాలనుకుంటున్నానని సలహాకు వచ్చాడు. మా ఆయనా అన్నయ్యా ఆయన్ని గోడ దగ్గర మధ్యలో నిలబెట్టుకుని చెరోవైపు నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఒక్క మొక్క వేస్తే లాభం లేదనీ, రెండు జాతులు ఉండాలనీ, పొద్దున ఆడపువ్వు, మధ్యాహ్నం మగపువ్వు అనీ, ఇది తాము ఎన్నో ఏళ్ళ పరిశీలన మీద తెలుసుకున్నామనీ. ఆయన భక్తిగా వింటున్నాడు. మేడ మీద బట్టలారేస్తున్న వదిన తడిచీర అలాగే చేత్తో పట్టుకుని పిట్టగోడ మీదుగా వంగింది.

"అన్నయ్యా, కొంచెం గట్టిగా సెప్పండి. నానూ నేర్సుకుంతాను."